రాయ్‌పూర్‌లో మా తోడల్లుడి వైద్యం

మా బొబ్బిలి నుంచి రాయ్‌పూర్ వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఉద్యోగానికి వెళ్లినవాళ్లు, పెళ్లికి వెళ్లినవాళ్లు, అప్పులవాళ్లకి కనపడకుండా వెళ్లినవాళ్లు. తోడల్లుడికి చేసిన కేన్సర్ వైద్యం నాకు చేసినదాని కంటే గొప్పదో కాదో తేల్చుకోవడానికి వెళ్లినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంకా వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఊరు చూడదగ్గదే. నేను సరిగా చూడలేదు, అది వేరే సంగతి. ఉన్నన్నాళ్లూ నా కళ్లు గౌరునాయుడి కంచం మీదే ఉన్నాయి.

గౌరునాయుడంటే మా ఆవిడ సత్యవతి చెల్లెలు రవణమ్మ మొగుడు. రాయ్‌పూర్‌లో రైలు వేగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసేవాణ్ణి. అతనికి పాసు, క్వార్టరు, రేపు పింఛను. నాకు ఎండకి గొడుగు, వానకీ అదే గొడుగు. మా మామగారు ఏ పండక్కి పిలిచినా ‘చిన్నల్లుడు అంత దూరం నుంచి వచ్చాడు’ అని కోడి తొడ అతనికే వేయించేవారు. పక్క ఊళ్లో ఉండడం నా తప్పైపోయింది.

చివరికి రోగంలో కూడా నాది రెండో స్థానమే. కడుపులో ఉన్నది కేన్సరని గౌరునాయుడికి తేలినప్పుడు చుట్టాలంతా కట్టగట్టుకుని రాయ్‌పూర్ రైలెక్కారు. కొన్ని నెలలకి అదే రోగం నాకూ ఉందని తేలేసరికి వాళ్ల దగ్గర జాలి అయిపోయింది. ఇద్దరు ముగ్గురు వచ్చి, అరటిపళ్లు మంచం పక్కన పెట్టి, గౌరునాయుడు ఎంత ధైర్యంగా ఉన్నాడో నాకు చెప్పి వెళ్లారు. మూడొంతుల కడుపు కోసి తీసేశాక కూడా నా కడుపుమంట తగ్గలేదంటే మీరే ఊహించుకోండి.

అసలు గొడవ ఇది. విశాఖపట్నంలో నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు కుట్లు విప్పేటప్పుడు ఒక మాట చెప్పాడు. గడ్డ మొత్తం తీసేశానని, కానీ దాని పక్కనున్న లింఫు బిళ్లల్లో కొన్నింటికి అది పాకి ఉందని, అందుకని సూదిమందు ఎక్కించుకుంటే మంచిదని, ఆలస్యం చేస్తే లాభం ఉండదని. “ఎక్కించుకుంటే తప్పకుండా నయమవుతుందా?” అని అడిగాను. “తప్పకుండా అని నేను చెప్పలేను” అన్నాడు. చెప్పలేనివాడి మాట నేనెందుకు వినాలి? పీకేసిన పన్నుకి పళ్లపొడి రుద్దుకుంటామా? ఇంటికొచ్చేశాను.

సత్యవతి ఏడ్చింది, తిట్టింది, మొక్కింది. నేను కదల్లేదు. ఆఖరికి అంది కదా, “మరిదికి ముందు మందులెక్కించి, తరవాత కోసి, మళ్లీ మందులెక్కిస్తన్నారట. ఒకపాలి సూసొద్దాం రండి. ఆ తరవాత మీ ఇష్టం.”

ముందు మందు, మధ్యలో కోత, వెనక మళ్లీ మందు! అతనికి మూడు వరసల విందు, నాకు ఒట్టి కోత. నన్ను చవగ్గా తేల్చేశారేమోనన్న పురుగు అప్పుడు దూరింది. టిక్కెట్లు నేనే తీయించాను.

కాంటాబంజి దాకా

తెల్లవారుతుండగా బొబ్బిలిలో పాసింజరు ఎక్కితే చీకటి పడేవేళకి రాయ్‌పూర్. పార్వతీపురం వరకూ మనవాళ్లే. రాయగడలో తెలుగూ ఒరియా కలిసి టీ అమ్ముతాయి. ఆ తరవాత కొండలు దగ్గరికొస్తాయి, మనుషుల మాట దూరమవుతుంది. దారి చాలా అందంగా ఉంటుందని చెప్పాలి. నాకు కనపడింది మాత్రం తినేవాళ్లే. పెట్టె పొడుగునా జనం పల్లీలు, జామకాయలు, పకోడీలు తింటూనే ఉన్నారు. నేను ఒక్క ఇడ్లీని చిదిపి చిదిపి, పాలు తాగే పిల్లాడిలా నోట్లో నాన్చుకుంటూ కూర్చున్నాను.

కాంటాబంజిలో ఒక కుటుంబం ఎక్కింది. గిన్నెలు, చాపలు, గోనెసంచీ, ఒక కోడి. రాయ్‌పూర్ అవతల ఇటుక బట్టీలకి పోతున్నారట. ఆవిడ అల్యూమినియం డబ్బా మూత తీసింది. నీళ్లలో నానిన అన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. మన చద్దన్నమే, వాళ్లు పఖాళ అంటారు. మన వైపు దాన్ని ఎవరూ చూడకుండా వంటింట్లో తింటాం, ఆవిడ మాత్రం నలుగురి మధ్య కాళ్లు బారజాపుకుని పెద్ద పెద్ద కబళాలు మింగుతోంది. ఇటుకలు మోయడానికి పోతున్న మనిషి అదృష్టం చూసి నా కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఆమె నా చూపు చూసి, ఆకలి అనుకుని, మూతలో గుప్పెడు అన్నం పెట్టి చాపింది.

సత్యవతి నా పొట్ట చూపించి, వేలితో గీత గీసి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఆవిడకి అర్థమైంది. మొగుణ్ణీ పిల్లల్నీ కిందకి దింపి, బల్ల మొత్తం నాకు ఖాళీ చేసి, పడుకోమని చెయ్యి చూపించింది. చుట్టాల దగ్గర అయిపోయిన జాలి అక్కడ కొంచెం మిగిలినట్టుంది. మొహమాటపడకుండా తీసుకున్నాను.

ఖరియార్ రోడ్డు స్టేషన్లో చిన్న ప్రమాదం జరిగింది. వేడినీళ్ల కోసం ఫ్లాస్కు పట్టుకుని దిగాను. టీ కొట్టువాడు నీళ్లకి అర్ధరూపాయి అడిగాడు. ఒట్టి నీళ్లకి అర్ధరూపాయేమిటని దస్తావేజు భాషలో వాదన పెట్టుకున్నాను. రైలు కదిలింది. కోత పడిన పొట్టని చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఇందాకటి ఇటుకబట్టీ మనిషే జబ్బ పట్టుకుని లోపలికి లాగాడు. ఫ్లాస్కు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. “అదే మరిదైతే పాసు సూపించి రైలాపీసును” అంది సత్యవతి. అప్పుడు కూడా అతనే!

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ

స్టేషన్‌కి గౌరునాయుడు స్వయంగా వచ్చాడు. ఉక్కపోతలో కూడా తలకి ఉన్ని టోపీ. నన్ను చూసి రెండు చేతులూ చాపాడు.

“ఏటన్నయ్యా, ఇలగైపోనావు! ఎండిపోయిన బెండకాయలాగున్నావు!”

“నువ్వు బానే ఉన్నావు కదా” అన్నాను. నిజంగానే ఉన్నాడు. నేను వద్దంటున్నా మా పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. నేను చేతిసంచీ కూడా మొయ్యలేకపోతున్నాను. ముందు మందు, వెనక మందు పడినవాడు పెట్టె మోస్తున్నాడు! నా అనుమానం అప్పుడే సగం గట్టిపడింది.

వేగన్ రిపేరు షాపువాళ్ల ఈ రైల్వే కాలనీ అంటే ఎర్ర ఇటుక క్వార్టర్లు, వాటి ముందు జామచెట్లు, ఉదయం సైరను. సైరను కూయగానే సైకిళ్ల వరద. ఇంటిమాట తెలుగు, వీధిమాట హిందీ, పోట్లాట రెండూ కలిపి. శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లు చాలామంది ఉండడంతో ముందుగదిలో కూర్చుంటే బొబ్బిలిలో ఉన్నట్టే ఉంటుంది, వంటింటి కిటికీ తీస్తే పరాయి దేశం.

ఆ సాయంత్రం దీపాలు పెట్టగానే మేమిద్దరం చేసిన మొదటి పని చొక్కాలు ఎత్తి కోతలు చూపించుకోవడం. నాది రొమ్ము కింద మొదలై బొడ్డు దగ్గర ఆగింది. అతనిది బొడ్డు పక్కగా ఇంకా కిందికి దిగింది. సుమారు రెండు వేళ్లు ఎక్కువ. అతను టోపీ కూడా తీశాడు. గుండు, కనుబొమలు కూడా పలచబడ్డాయి. “ఎర్రమందన్నయ్యా. సెలైన్లో కలిపి ఎక్కిస్తారు. జుట్టంతా దువ్వెనకే ఒచ్చీసింది” అన్నాడు. నా తల తడుముకున్నాను. నిండుగా జుట్టు. దువ్వుకుని వచ్చినందుకు నాకే నామోషీ అనిపించింది.

మన వైపు రోగిని చూడ్డానికి వచ్చేవాళ్లు మంచం దగ్గర కూర్చుని, అదే రోగంతో పోయినవాళ్ల పేర్లు వరసగా చెబుతారు. ఇక్కడ అలా కాదు. డ్యూటీ దిగిన ఫిట్టర్లు నూనె చేతులతోనే వచ్చి, రోగం ఊసెత్తకుండా, యూనియన్ గొడవలు మాట్లాడి, పేక నాలుగు ఆటలేసి పోతారు. ఆపరేషన్ రోజున రక్తం ఇవ్వడానికి షాపు షాపంతా వచ్చిందట. నాకు రక్తం మా బావమరిది ఒక్కడే ఇచ్చాడు, అది కూడా ఇప్పటికీ గుర్తుచేస్తూంటాడు.

పక్క క్వార్టరు సాహూగారి భార్య ఛత్తీస్‌గఢీ మనిషి. రోజూ పొద్దున కంచు గిన్నెలో బాసీ తెచ్చిపెడుతుంది. మళ్లీ అదే చద్దన్నం, పైన టమాటా పచ్చడి. “ఖా లే భయ్యా, పేట్ ఠండా రహీ” అంటుంది గౌరునాయుడితో. పొట్ట చల్లగా ఉంటుందట. నాకూ ఒక గిన్నె పెట్టింది. అతని గిన్నె పెద్దది.

భన్‌పురి నాకా దగ్గర

రెండో రోజు గౌరునాయుడు నన్ను రిక్షాలో భన్‌పురి చెక్‌పోస్టు, ఇక్కడివాళ్ల మాటలో నాకా, వైపు తిప్పాడు. లారీలు, చిన్న చిన్న కార్ఖానాలు, గాలిలో ఇనుప వాసన. ఆ వెనకే ఉర్లా ఫ్యాక్టరీల పొగ. ఈ ఊరివాళ్ల పొద్దుటి ఫలహారం పోహా. మన అటుకుల ఉప్మాకి పట్నం వెళ్లొచ్చిన తమ్ముడు. పసుపు పచ్చగా, మీద సన్నకారప్పూస, పక్కన వేడి జిలేబీ. కారం, తీపి కలిపి తింటారు. ప్లేటు రెండు రూపాయలు. మన దగ్గర టిఫినులో తీపి పెడితే ఇంట్లో ఏం శుభకార్యమని అడుగుతారు.

గౌరునాయుడు ప్లేటు తీసుకుని అటు తిరిగి నిలబడి తిన్నాడు. తిరిగేసరికి ప్లేటు ఖాళీ. జిలేబీ కూడా లేదు. నేను నాలుగు అటుకులు నమిలి ఆపేశాను.

“తింతావా, ఇంకోటి సెప్పమంటావా?” అన్నాడు.

“పొద్దున బాసీ ఎక్కువైంది” అన్నాను. అబద్ధం. మూడు చెంచాలు కూడా తినలేదు.

ఆ కొట్టు కింద ఒక నల్లకుక్క మూతి నాక్కుంటూ ఉంది. దాన్ని చూసి కూడా నాకు ఆలోచన రాలేదంటే అసూయ మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో చూడండి. ‘ముందు మందు పడితే కడుపు ఇలా నిలబడుతుందన్నమాట. విశాఖపట్నంవాళ్లు నా గొంతు కోశారు’ అనుకుంటూ ఇంటికొచ్చాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కానీ, పొరుగువాడి సూది కూడా తియ్యగానే కనిపిస్తుంది.

ఆదివారం బంతి

మా మామగారింట్లో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరల్లుళ్లకీ పక్కపక్కనే విస్తళ్లు వేసేవారు. ఒకరు తింటూండగా రెండోవారు చెయ్యి కడుక్కోకూడదు. ముందు లేచినవాడు పెట్టింది చాలలేదని అలిగినట్టో, అరిగించుకునే సత్తా లేనట్టో లెక్క. మామగారు పోయి చాలా ఏళ్లయింది. పద్ధతి మా ఇద్దరిలో బతికే ఉంది.

ఆదివారం రవణమ్మ కోడికూర, పులిహోర, బూరెలు చేసింది. భన్‌పురి నాకా నుంచి జిలేబీ వచ్చింది. “బావా, కొంచెం కొంచెం తినండి. తినలేకపోతే ఒగ్గీండి” అని ముందే చెప్పింది. ఆ మాట ఇద్దరం విన్నాం, ఇద్దరం రెండోవాడి కోసం చెప్పిందనుకున్నాం.

పులిహోర అయింది. అతను ఆపలేదు, నేనూ ఆపలేదు. కోడికూర దగ్గర అతని నుదుటి మీద చెమట కనిపించింది. నా వీపంతా అప్పటికే తడిసిపోయింది. అతను బూరె అందుకున్నాడు. నేను రెండు అందుకున్నాను. అతను జిలేబీ విరిచి నా కళ్లలోకి చూస్తూ నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు నా కంటికి గోడ ఒరిగినట్టు కనపడింది. గుండె దడదడలాడుతోంది. పొట్టలో ఎవరో తాడు మెలిపెడుతున్నారు. పెరట్లోకి పరిగెత్తాలని లేచాను. ఓడిపోయానని కుమిలిపోయే లోపల వెనక దబ్బుమని చప్పుడైంది. గౌరునాయుడు విస్తరి పక్కనే ఒరిగిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా ఒకే నులకమంచం మీద, అతని తల వైపు నా కాళ్లు, నా తల వైపు అతని కాళ్లు పెట్టుకుని వణుకుతూ పడుకున్నాం. వంతులవారీగా పెరట్లోకి వెళ్లొచ్చాం. రవణమ్మ తడిగుడ్డతో ఇద్దరి మొహాలూ తుడుస్తూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

“ఇద్దరికీ కలిపి ఒక్క కడుపు నేదు, పందేలొకటి! ఈన ఏటి తింతన్నాడని నువ్వనుకుంటన్నావు బావా? ఇడ్లీముక్క తిని పొయ్యికాడ దాలిగుంట పక్కన ముడుచుకు పడుకుంతాడు. నువ్వొస్తన్నావని రెండ్రోజుల్నించి ఏసం కడతన్నాడు. నాకా కాడ పోహా కుక్కకెట్టీసి ఖాళీ పళ్లెం సూపించినాడంట, నాతో సెప్పుకుని మురిసిపోనాడు!”

గౌరునాయుడు కళ్లు తెరవకుండా “నువ్వూరుకోవే” అన్నాడు.

నాకు ఒక పక్క నవ్వొచ్చింది, ఇంకో పక్క ఇంకా కోపంగానే ఉంది. తినలేనివాడే కావచ్చు, వైద్యం మాత్రం నాకంటే ఎక్కువే జరిగింది కదా. పెట్టె ఎలా మోశాడని అడిగాను. ఆ రాత్రి నడుం పట్టేసి నిద్రపోలేదని రవణమ్మే చెప్పింది.

పెద్దాసుపత్రి

మర్నాడు గౌరునాయుడికి సూది వంతు. నన్ను కూడా రమ్మన్నారు. నా కాగితాలు సత్యవతి సంచీలో పెట్టుకుని వచ్చింది. ఊళ్లోని పెద్దాసుపత్రిలో కేన్సర్ వార్డు వరండా నిండా చుట్టుపక్కల పల్లెలవాళ్లు. ఆ వరండాలో నాకు తెలిసిందేమంటే, రోగులు వైద్యాలని పెళ్లివిందుల్లాగే పోల్చుకుంటారు. నీకేం పెట్టారు, నాకేం పెట్టారు. ధమ్‌తరీ వైపు రైతు ఒకాయన తనకి కోత తరవాత మందుతోపాటు కరెంటు, అంటే రేడియేషన్, కూడా పెట్టారని, అది మాకిద్దరికీ లేదని తెలిసి ఛాతీ విరుచుకున్నాడు. ఆయన్ని చూసి మేమిద్దరం ఒక్కసారి కలిసి కుళ్లుకున్నాం.

డాక్టరమ్మ నడివయసు మనిషి, హిందీలోనే మాట్లాడుతుంది. దస్తావేజుల పుణ్యమా అని హక్కు, కబ్జా, ఫైసలా లాంటివి నాకు తెలుసు కానీ అక్కడ అవేవీ పనికిరాలేదు. గౌరునాయుడే నాకు తెలుగు చేశాడు. ఆదివారం బంతి సంగతి వినగానే ఆవిడ కళ్లజోడు తీసి నవ్వింది. తరవాత ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. తిన్నది నిలవుండే సంచి లేదు కాబట్టి తీపి నేరుగా పేగులోకి జారిపోయి ఒళ్లంతా అల్లాడిస్తుందట. పిట్టల్లా కొంచెం కొంచెం, రోజంతా తినాలట.

అప్పుడు నా కాగితాలు చూసింది. నేను అడగాలనుకున్నది అడిగించాను. ఈ వైద్యాల్లో ఏది గొప్పది?

ఆవిడ తీరిగ్గా చెప్పింది, గౌరునాయుడు తెలుగు చేశాడు. కోత ఒక్కటే సరిపోయే రోగాలు కొన్ని. కోత తరవాత, కంటికి కనపడకుండా మిగిలిన విత్తనాలు మొలవకుండా మందు ఎక్కించడం ఒక దారి. మందుతోపాటు కరెంటు పెట్టడం ఇంకో దారి. ముందే మందుతో గడ్డని కుదించి ఆ తరవాత కొయ్యడం మరో దారి. పెద్ద పెద్ద ఊళ్లలో రోగుల్ని జట్లుగా విడదీసి ఏది మేలో పోల్చి చూస్తున్నారట. ఇంకా తీర్పు రాలేదట. “అందుకే మీ విశాఖపట్నం డాక్టరు తప్పకుండా అనలేదు. నేనూ అనలేను. కానీ మీ బిళ్లల్లో ఉంది. మా అన్నయ్యే అయితే ఈ వారమే మందు మొదలుపెట్టమంటాను” అంది.

చెప్పలేనని ఒప్పుకున్న రెండో డాక్టరు. ఎందుకో ఈసారి కోపం రాలేదు. కానీ నా పురుగు నన్ను వదల్లేదు.

“అడుగు తమ్ముడూ. నీకు ముందు మందు పెట్టి, నాకెందుకు పెట్టలేదో అడుగు. నన్ను చవగ్గా తేల్చేశారా?”

“ఒగ్గీన్నయ్యా” అన్నాడు.

“అడగవోయ్.”

అతను అడిగాడు. డాక్టరమ్మ నా వైపు కాకుండా అతని వైపు చూసింది. చెప్పనా అన్నట్టుగా చూసింది. “బోల్ దీజియే” అన్నాడు గౌరునాయుడు. ఆవిడ ఒక్కో వాక్యం చెప్పి ఆగింది. అతను ఒక్కో వాక్యం నాకు తెలుగులో అప్పజెప్పాడు, ఎవరి వేగన్ సంగతో చెబుతున్నట్టు.

“నీది తియ్యడానికి ఈలుగున్నాది, తీసీసినారు. నాది ఎనకాల క్లోమానికి అంటుకుపోనాది. తియ్యడానికి ఈల్లేదు. సిన్నది సేద్దామని ముందు మందెట్టినారు. కొంచెం తగ్గింది. కోసినారు. అయినా మొత్తం రానేదు. కొంచెం లోపలే ఒగ్గీసినారు. అందుకే మల్లీ మందు.”

అని, ఆవిడ చివర చెప్పిన ముక్క కూడా వదలకుండా చెప్పాడు. “నీకు ముందు మందెట్టకపోడం తక్కువ సెయ్యడం కాదంట. అవసరం నేకపోడమంట.”

సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు వేళ్లు ఎక్కువున్న కోత చూసి నేను కుళ్లుకున్న సంగతి గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. కాసేపటికి నర్సు వచ్చి అతని చేతికి సూది గుచ్చింది. ఎర్రమందు గొట్టంలో దిగుతూంటే అతను ఆ బొట్లని చూస్తూ పడుకున్నాడు. సాయంత్రం దాకా నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. వాంతికి పళ్లెం పట్టాను.

రిక్షాలో కాలనీకి

ఆడవాళ్లు ముందు రిక్షాలో వెళ్లారు. మేమిద్దరం వెనక. అతను టోపీ కిందికి లాక్కుని కూర్చున్నాడు.

“అన్నయ్యా, నీ మీద నాకెంత ఏడుపో తెల్సా?” అన్నాడు.

“నా మీదా?”

“మొత్తం తీసీసినారని నీ ఆపరేషనప్పుడు వదిన ఫోన్లో సెప్పింది. రవణమ్మ సంతోసంతో కొబ్బరికాయ కొట్టింది. నాను ఆ పూట మెతుకు ముట్నేదు. ఆడికి తీసినారు, నాకు ఒగ్గీసినారు, దేవుడికి ఆడే ఇష్టమేటి అనీసి గోడకేసి తిరిగి పడుకున్నాను. పక్కా నిజం.”

ముప్పై ఏళ్లుగా ఆ మాట అతని నోట వినాలని నేను కోరుకున్నాను. పాసు చూసినప్పుడు, క్వార్టరు చూసినప్పుడు, కోడి తొడ చూసినప్పుడు, ఎప్పటికైనా ఇతను నన్ను చూసి ఏడవాలి అనుకున్నాను. ఏడ్చాడు. వినడానికి ఎంత చేదుగా ఉందో చెప్పలేను.

అతనే మళ్లీ అన్నాడు. “అలాటిది నువ్వు మందొద్దని ఇంట్లో కూకున్నావంట. వదిన సెప్పింది. నాకు ఒళ్లు మండిపోనాది. నాకే నీ రిపోర్టుంటే రేపు కోడి కుయ్యకముందే లెగిసి ఆసుపత్రి గుమ్మం కాడ కూకుందును. ఎక్కించుకుంతావా, నేదా? సెప్పు.”

“ఎక్కించుకుంటాను” అన్నాను.

“నా కోసం కాదు.”

“నీ కోసమెవడు ఎక్కించుకుంటాడు?” అన్నాను. నవ్వాడు. నవ్వితే కోత లాగి పొట్ట పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను.

తిరుగు దారి

మర్నాడే బయల్దేరాం. సాహూగారి భార్య ఠేఠరీలు కట్టిచ్చింది. శెనగపిండితో మెలితిప్పి వేయించినవి, మన జంతికలకి దగ్గర చుట్టాలు. నేను దారంతా ఒకటే కొరుక్కుంటూ వచ్చాను. రైలు బొబ్బిలిలో ఆగినా మేం దిగలేదు. విజయనగరంలో మారి, అటునుంచి అటే విశాఖపట్నం వెళ్లిపోయాం. డాక్టరు నన్ను చూసి ఏమీ అడగలేదు. సత్యవతిని చూసి తల ఊపాడు. ఆ వారంలోనే మందు మొదలైంది.

ఎర్రమందు ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి తెలియకుండానే ఉండాలి. నా జుట్టూ దువ్వెనకే వచ్చేసింది. సత్యవతి ఉన్ని టోపీ అల్లింది.

మూడు వారాలకోసారి విశాఖపట్నం వెళ్తాం. వీలు చిక్కినప్పుడు ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్ నుంచి సాహూగారింటికి ఫోను చేస్తాం. వాళ్లు గౌరునాయుణ్ణి పిలుస్తారు. ఎవరికెన్ని వాంతులు, ఎవరికెన్ని ఇడ్లీలు అని పోల్చుకుంటాం, ఎన్ని సూదులన్నది మాత్రం ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. ప్రతిసారీ ఏదో ఒకదాంట్లో అతనే గెలుస్తాడు.

ఈసారి చేస్తే అతను ఫోను దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. బూత్‌లో మీటరు మీద ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. గొంతు సన్నగా వినపడింది.

“మందాపీసినారన్నయ్యా. పంజెయ్యట్లేదంట. కోత తరవాత మూడెక్కించినారు, ఇంక సాలన్నారు.”

“ఇంకేం మందు పెడతారట?”

“ఇంకేటి నేదు. ఇంటికాడే ఆరామ్‌గా ఉండమన్నారు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “నీకెన్నయ్యాయి?”

నా చేతికి ఆ పొద్దున పడిన నాలుగో సూదిపోటు మీద అంటించిన దూది ఇంకా ఉంది. సత్యవతి పక్కనే నిలబడి వింటోంది.

“రెండే” అన్నాను.

“రెండేనా!” అతని గొంతులోకి పాత హుషారు వచ్చింది. “ఎప్పుడూ నా ఎనకేనేటన్నయ్యా నువ్వు!”

“అవును తమ్ముడూ” అన్నాను.